ఇనుపకొండల నుండి ఒక దరఖాస్తు

అంతర్జాతీయ వ్యవహారాలలో పరిశోధన చేయగోరే బస్తరు విద్యార్థికి ప్రశ్న ఇంటి ముంగిటనే ఉన్నది. దానిని కాగితం మీద పెట్టడమే కష్టం.

విశాఖపట్నంలో తెల్లవారి బయలుదేరిన కిరందుల్ రైలు అరకు లోయను దాటి, కోరాపుట్ మీదుగా జగదల్‌పూర్ చేరేసరికి పొద్దు వాలుతుంది. దారిలో అనేక చోట్ల అది ప్రక్క పట్టా మీద ఆగి, ఎదురు వచ్చే గూడ్సు బండ్లకు త్రోవ ఇస్తుంది. ఆ గూడ్సు పెట్టెల నిండా ముడి ఇనుము. ప్రయాణికులు విసుగుకొంటారు గాని, నిజానికి ఈ రైలుదారి మీద మొదటి హక్కు ఆ ఇనుముదే. వారి కోసం ఈ పట్టాలు వేయలేదు.

1960 మార్చిలో జపాను ఉక్కు మిల్లులతో మన దేశానికి ఒక ఒప్పందం కుదిరింది. ఏటా 60 లక్షల టన్నుల ముడి ఇనుమును జపానుకు పంపవలెనన్నది దాని సారాంశం. అందులో 40 లక్షల టన్నులు బస్తరులోని బైలదిల్లా కొండల నుండి, తక్కిన 20 లక్షలు కిరిబురు గనుల నుండి రావాలి. బైలదిల్లా అంటే ఎద్దు మూపురం. దూరం నుండి చూస్తే ఆ కొండల వరుస అలాగే కనబడుతుంది. ఆ మూపురాన్ని సముద్రానికి కలపడానికి తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో ఈ దారి నిర్మించారు. 1968లో గని పని మొదలైంది. పెద్ద ఓడలు ఆగడానికి విశాఖలో ఔటర్ హార్బరు 1976లో సిద్ధమైంది. టోక్యోలో సంతకం పడిన ఒక కాగితానికీ, దంతెవాడ అడవిలో ఒక గ్రామం నీటి వాగు ఎర్రబారడానికీ మధ్య ఉన్న దూరం ఈ రైలుదారి పొడవంత మాత్రమే.

ఈ రైలు కిటికీ ప్రక్కన కూర్చున్న ఒక విద్యార్థినిని పాఠకులు ఊహించుకోవచ్చును. ఆమెది కొంటా ప్రాంతం. అక్కడ శబరి నది ఒడ్డున నిలబడితే ఆవలి గట్టు ఆంధ్రప్రదేశ్. కొంచెం ఎగువకు చూస్తే ఒడిశా. ఇంట్లో దోర్లా మాట, సంతలో తెలుగు, బజారులో హల్బీ, బడిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు. జగదల్‌పూర్‌లో రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. ముగించింది. అంతర్జాతీయ వ్యవహారాలలో పరిశోధన చేయాలని కోరిక. అయితే ఆ మాట ఎవరితో అన్నా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: ‘‘బస్తరుకూ, అంతర్జాతీయ వ్యవహారాలకూ ఏమిటి సంబంధం?’’

ఫెలోషిప్ దరఖాస్తులోని అసలు గండం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడంలోనే ఉన్నది. చాలామంది దరఖాస్తుదారులు ఇక్కడే వెనుదిరుగుతారు. బస్తరును ఇంటి దగ్గర వదలిపెట్టి, ఎవరో ఇదివరకే వ్రాసిన విషయాన్ని, ఏ పశ్చిమాసియా సంక్షోభాన్నో, ఏ అణు ఒప్పందాన్నో చేతబట్టుకొని ఢిల్లీకి పోతారు. ఆ విషయాలు చిన్నవని కాదు. కాని వాటి మీద ఢిల్లీ గ్రంథాలయాల ప్రక్కనే పెరిగిన విద్యార్థితో పోటీ పడవలసి వస్తుంది. ఆ పోటీలో బస్తరు విద్యార్థి చేతిలో ఉన్న ఆయుధం ఏదీ పనికిరాదు.

ఒకే సంవత్సరం, మూడు కాగితాలు

1958వ సంవత్సరాన్ని తీసుకొంటే చాలు. ఆ ఏడాది బస్తరుకు సంబంధించిన మూడు నిర్ణయాలు ఢిల్లీలో జరిగాయి. తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన కాందిశీకులకు బస్తరు, కోరాపుట్, కలహండి ప్రాంతాలలో పునరావాసం కల్పించడానికి దండకారణ్య అభివృద్ధి సంస్థ ఏర్పడింది. గనుల త్రవ్వకానికి జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ స్థాపితమైంది. తరువాత బైలదిల్లా దాని చేతికే వచ్చింది. మూడవది అంతగా ఎవరికీ గుర్తులేనిది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో ఆదివాసుల, గిరిజనుల రక్షణకు చేసిన 107వ ఒడంబడికను భారతదేశం ఆమోదించింది. ఆదివాసులు తరతరాలుగా అనుభవిస్తున్న భూములపై వారి హక్కును గుర్తించవలెనని ఆ ఒడంబడికలో ఉన్నది.

ఒక చేత్తో కాందిశీకులకు అడవి భూమి. మరొక చేత్తో ఖనిజానికి కొండ. ఇంకొక కాగితం మీద ఆదివాసికి భూమిపై హామీ. ఈ మూడు కాగితాలు ఒకే సంవత్సరంలో, ఒకే ప్రభుత్వపు కార్యాలయాలలో కదిలాయి. ఇవి ఒకదానినొకటి ఎరుగునా? ఎరిగియుంటే ఏ కార్యదర్శి ఏ దస్త్రం మీద ఏమి వ్రాశాడు? ఇది నూటికి నూరుపాళ్ళు అంతర్జాతీయ వ్యవహారాల ప్రశ్న. పిమ్మట 1989లో అదే సంస్థ 107ను సవరించి 169వ ఒడంబడికను తెచ్చినప్పుడు భారతదేశం దానిని ఆమోదించలేదు. 2007లో ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రకటనకు మాత్రం అనుకూలంగా ఓటు వేసింది. ఆ ప్రకటనకు 144 దేశాలు అనుకూలం, 4 ప్రతికూలం, 11 తటస్థం. ఒకసారి ఆమోదం, ఒకసారి మౌనం, ఒకసారి ఓటు. దీని వెనుక ఉన్న తర్కమేమిటో కనుగొనడానికి ఒక పరిశోధన సరిగ్గా సరిపోతుంది.

ఉత్తరాన, నేటి కాంకేర్ జిల్లాలోని పఖాంజూర్ వైపు వెళితే మరొక ప్రశ్న ఎదురవుతుంది. అక్కడ బెంగాలీ కాందిశీకుల ఊళ్ళను నేటికీ అంకెలతోనే పిలుస్తారు. పరల్‌కోట్ గ్రామం ఫలానా నంబరు అని. దేశాల సరిహద్దు దాటి వచ్చినందువల్ల వారికి కాందిశీకులన్న పేరు, పునరావాసం లభించాయి. వారిలో అనేకులు 1978లో దండకారణ్యాన్ని విడిచి సుందరవనాలకు తరలిపోవడం, మరుసటి ఏడు మరిచ్‌ఝాపి దీవిలో వారికి పట్టిన గతి వేరే చరిత్ర. ఇక దక్షిణాన, 2005 తరువాత సల్వాజుడుం నాటి హింసకు తాళలేక బీజాపూర్, సుకుమా ప్రాంతాల నుండి వేలాది కోయ కుటుంబాలు గోదావరి వైపు అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. తెలుగువారు వారిని గుత్తికోయలంటారు. వారు దాటినది దేశాల మధ్య సరిహద్దు కాదు, రాష్ట్రాల మధ్య సరిహద్దు. కనుక 1951 నాటి కాందిశీకుల ఒడంబడిక భాషలో వారు కాందిశీకులు కారు. పైగా ఆ ఒడంబడికపై భారతదేశం సంతకం చేయనే లేదు. దేశం లోపలే నిర్వాసితులైనవారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలను వెలువరించింది. అవి సూత్రాలు మాత్రమే, శాసనం కాదు.

ఒకే అడవికి ఉత్తరాన ఒక పేరు, దక్షిణాన మరొక పేరు. కొంటా విద్యార్థిని ఈ రెండు తావులకూ బస్సులో పోయిరాగలదు. దక్షిణాన ఉన్నవారితో దుబాసీ అవసరం లేకుండా మాట్లాడగలదు. ఢిల్లీలోని ఏ పోటీదారుకూ ఈ వసతి లేదు.

ఆశ్చర్యమేమంటే దరఖాస్తు ఫారంలో ‘‘తెలిసిన భాషలు’’ అన్న గడి వచ్చినప్పుడు ఇటువంటి విద్యార్థులు సాధారణంగా హిందీ, ఇంగ్లీషు అని వ్రాసి ఊరకుంటారు. దోర్లా, హల్బీ, తెలుగు వ్రాయరు. అవి ఇంటి మాటలు, చదువుకు పనికివచ్చేవి కావన్న భావం చిన్ననాటి బడిలోనే నాటుకొనిపోయింది. యూరపు నుండి వచ్చే పరిశోధకుడు గోండీ నేర్చుకోవడానికి ఏడాది కాలం, దానికి తగిన ధనం వెచ్చిస్తాడు. అదే భాష తల్లి నుండి నేర్చినవారు దానిని ఖాళీ గడిగా వదిలేస్తారు.

ఎక్కడ, ఎంత

మన దేశంలో ఈ విద్యకు పుట్టినిల్లు ఢిల్లీలోని సప్రూ హౌస్. 1955లో భారత ప్రపంచ వ్యవహారాల మండలి ఆధ్వర్యాన అక్కడ ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ఆరంభమైంది. ఎ. అప్పాదొరై దానికి మొదటి డైరెక్టరు. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసిపోయి, నేటి అంతర్జాతీయ అధ్యయనాల విభాగమైంది. బస్తరుకు స్వంత విశ్వవిద్యాలయం రావడానికి 2008 వరకు ఆగవలసి వచ్చింది. కేరళ కంటె విశాలమైన పాత బస్తరు జిల్లాకు అంతవరకు విశ్వవిద్యాలయమే లేదు.

దేశంలో పరిశోధన చేయదలచినవారికి ప్రధాన ద్వారం విశ్వవిద్యాలయ నిధుల సంఘం వారి నెట్ పరీక్ష. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అర్హత పొందినవారికి 2023 జనవరి నుండి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000 రూపాయలుగా ఉపకార వేతనాన్ని పెంచారు. ఎం.ఫిల్. పట్టాను 2022 నియమాలు తొలగించాయి గనుక ఎం.ఏ. నుండి నేరుగా పిహెచ్.డి.కే పోవలసి ఉంటుంది. 2024లో నెట్ మార్కులనే పిహెచ్.డి. ప్రవేశానికి కూడ గణించే పద్ధతి వచ్చింది. ఫెలోషిప్ రానివారికి పరీక్షకు 70 పాళ్ళు, ముఖాముఖికి 30 పాళ్ళు. భాషా విషయాలు తప్ప తక్కిన ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి. కొంటా విద్యార్థినికి ఆ రెండూ మాతృభాషలు కావు.

షెడ్యూల్డు తెగల వారికి ప్రత్యేకంగా గిరిజన వ్యవహారాల శాఖ జాతీయ ఫెలోషిప్ ఉన్నది. 2005-06లో రాజీవ్ గాంధీ పేరిట ప్రారంభమైన ఈ పథకంలో ఏటా 750 ఫెలోషిప్‌ల వరకు ఇస్తూ వచ్చారు. విదేశాలకు పోవడానికి అదే శాఖ ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనాల సంఖ్య 20. అందులో మూడు మిక్కిలి వెనుకబడిన ఆదిమ తెగలకు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు తెగల జనసంఖ్య 10 కోట్ల 40 లక్షలకు పైమాటే. ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టిన పిమ్మట వ్యాఖ్యానం అనవసరం. పొరుగున ఉన్న ఝార్ఖండ్ ప్రభుత్వం 2021లో జైపాల్ సింగ్ ముండా పేరిట స్వంతంగా విదేశీ ఉపకార వేతనం స్థాపించి, తొలి విడతగా ఆరుగురు విద్యార్థులను బ్రిటన్‌కు పంపింది. జైపాల్ సింగ్ స్వయంగా ఆక్స్‌ఫర్డులో చదివినవాడు.

ఫుల్‌బ్రైట్ సంగతి వేరు. 1950 ఫిబ్రవరిలో నెహ్రూ సమక్షంలో కుదిరిన ఒప్పందం ద్వారా వచ్చిన ఈ ఫెలోషిప్‌కు 2008 నుండి నెహ్రూ పేరు కూడ చేరింది. వ్యయాన్ని రెండు దేశాలు సమంగా భరిస్తాయి. దానిలోని డాక్టరల్ పరిశోధన విభాగం భారతదేశంలో అప్పటికే పిహెచ్.డి.కి నమోదైనవారికి మాత్రమే. కనుక అది మొదటి మెట్టు కాదు, రెండవది. బ్రిటన్ వారి చివెనింగ్ ఒక సంవత్సరపు మాస్టర్సు చదువుకు. దానికి రెండేళ్ళ ఉద్యోగానుభవం అడుగుతారు. ఇది తెలియక ఎం.ఏ. కాగానే దానికి దరఖాస్తు పెట్టి, తిరస్కారం రాగానే తన శక్తినే శంకించుకొన్న యువకులు లేకపోలేదు.

కుల పత్రంలో ఒక కొమ్ము

ప్రతిపాదన బుద్ధితో వ్రాసేది. ధ్రువపత్రం కాళ్ళతో సంపాదించేది. బస్తరులో రెండవదే ఎక్కువ కాలం తీసుకొంటుంది.

కుల ధ్రువీకరణ కావాలంటే 1950 నాటికి కుటుంబం ఆ ప్రాంతంలో ఉన్నట్లు పాత రికార్డు చూపవలసి వస్తుంది. తాతపేరు భూమి పత్రాలలో ఎలా వ్రాశారో, తండ్రి పేరు బడి రిజిస్టరులో ఎలా వ్రాశారో, తన పేరు పదవ తరగతి పత్రంలో ఎలా వచ్చిందో ఈ మూడూ కలవాలి. పట్వారీ హిందీలో వ్రాశాడు. మాస్టారు తాను విన్నట్లు వ్రాశారు. దోర్లా పేరు దేవనాగరిలోకి పోయి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూడు వేర్వేరు మనుషులవుతారు.

ఇది అతిశయోక్తి కాదు. ఛత్తీస్‌గఢ్‌లో తెగ పేరు దేవనాగరి లిపిలో ఒక మాత్ర తేడాగా ఉన్నందువల్ల కొన్ని సముదాయాలకు షెడ్యూల్డు తెగల హక్కులు ఏళ్ళ తరబడి అందలేదు. భారియా భూమియాలను భుయియా, భుయాఁ అన్నంతమాత్రాన వారు వేరే జనమైపోయారు. పాండో అన్న రెండక్షరాల పేరునే దేవనాగరిలో మూడు విధాలుగా వ్రాయడం ఉన్నది. ఈ గుణింతపు తప్పును దిద్దడానికి భారత పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. అది 2023లో గాని జరగలేదు. అదే సంవత్సరం బస్తరులోని మహరా సముదాయాన్ని మహార్, మెహ్రాలకు పర్యాయనామంగా షెడ్యూల్డు కులాల జాబితాలో చేర్చారు. పేరులో ఒక దీర్ఘం లేనందువల్ల ఎందరి చదువు ఎక్కడ ఆగిపోయిందో లెక్క కట్టినవారు లేరు.

గోదావరి ఒడ్డుకు వలసవచ్చిన గుత్తికోయల పిల్లల స్థితి ఇంకా చిక్కు. పుట్టిన రాష్ట్రంలో ఇల్లు లేదు. ఉన్న రాష్ట్రంలో కుల పత్రం దొరకదు. పైన చెప్పిన నిర్వాసితుల ప్రశ్నను పరిశోధించడానికి అందరికంటె అర్హులు వారే. దరఖాస్తు పెట్టడానికే వారికి అర్హత రుజువు కావడం లేదు.

ఆదాయ పత్రానికి కూడ ఒక మర్మం ఉన్నది. అది ఆర్థిక సంవత్సరాన్ని బట్టి చెల్లుతుంది. నిరుటి పత్రం చాలాచోట్ల పనికిరాదు. ఏప్రిల్ దాటగానే క్రొత్తది తీసుకోవాలి. వానలు మొదలయ్యాక దక్షిణ బస్తరులో వాగులు పొంగి తహశీలు కార్యాలయానికి దారి మూసుకొనే రోజులుంటాయి. ప్రకటన వెలువడిన తరువాత తిరగడం ప్రారంభించినవారు గడువు ముగిసేదాకా తిరుగుతూనే ఉంటారు. ప్రకటన రాకముందే కాగితాల కట్ట సిద్ధం చేసుకొన్నవారికి ప్రతిపాదన వ్రాసుకోవడానికి తీరిక మిగులుతుంది.

వియన్నా నుండి వచ్చిన ఫెలో

ఫెలోషిప్ ఒకటి, విధి మరొకటి అయి, ఆ రెండూ కలిసి ఈ ప్రాంతానికే మేలు చేసిన ఉదంతం ఒకటున్నది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. 1935లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషను ఫెలోషిప్‌తో లండను చేరి, మలినోవ్‌స్కీ గోష్ఠులలో పాల్గొన్నాడు. ఆ దన్నుతో 1936లో నాగా కొండలకు వచ్చి పనిచేశాడు. 1939లో మళ్ళీ భారతదేశం వచ్చేసరికి ఆస్ట్రియా హిట్లరు వశమై ఉన్నది; ఆయన చేతిలో జర్మను పాస్‌పోర్టు. యుద్ధం ఆరంభం కాగానే బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశీయుడయ్యాడు. నాగా కొండలకు పోయే దారి మూసుకొన్నది. హైదరాబాదు సంస్థానంలో ఉండి పనిచేసుకోవడానికి మాత్రం అనుమతి లభించింది.

శిక్షగా వచ్చినది తెలుగు దేశానికి వరమైంది. నల్లమల చెంచుల మీద 1943లో, పాపికొండల కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాదు రాజగోండుల మీద 1948లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. 1940లో కుమురం భీము జోడేఘాట్‌లో నేలకొరిగిన పిమ్మట గోండుల భూసమస్యను నిజాం ప్రభుత్వం పట్టించుకోక తప్పలేదు. ఆ పనిలో హైమెండార్ఫ్ సలహాదారుగా నిలిచాడు. మార్లవాయిలో గోండీ భాషలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించాడు. అంతర్జాతీయ రాజకీయమనేది పత్రికలలో చదివే విషయం మాత్రమే కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు. హిట్లరు వియన్నాలో అడుగుపెట్టకపోతే ఆదిలాబాదు గోండుల చరిత్ర ఇంత వివరంగా కాగితం మీదికి వచ్చేది కాదేమో.

బస్తరుకు కూడ ఇటువంటి మేలి గ్రంథాలు ఉన్నాయి. 1927 నుండి 1931 వరకు బస్తరు పాలనాధికారిగా ఉన్న గ్రిగ్‌సన్ మారియా గోండుల మీద వ్రాసినది 1938లో వచ్చింది. వెరియర్ ఎల్విన్ మురియాల మీద వ్రాసినది 1947లో వచ్చింది. ఇవన్నీ బయటి నుండి వచ్చినవారు లోపలి జనాన్ని గురించి వ్రాసినవి. ఇప్పుడు కొంటా విద్యార్థిని చేయదలచినది దీనికి తలక్రిందులు. లోపలి నుండి బయటికి చూసి, టోక్యోను, జెనీవాను, ఢిల్లీని గురించి వ్రాయాలని ఆమె కోరిక.

దేశవిషయమా, విదేశవిషయమా

ఇక్కడ ఒక నియమం అడ్డువస్తుంది. షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు మొదలైనవారికి సామాజిక న్యాయ శాఖ ఇచ్చే విదేశీ ఉపకార వేతనాలు 125. ఆ పథకానికి 2022లో వెలువడిన మార్గదర్శకాలలో, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాలు అన్న విషయాలకు ఈ వేతనం వర్తించదని చేర్చారు. వాటికి దేశంలోనే వనరులు సమృద్ధిగా ఉన్నాయని, విదేశాలకు పోనక్కరలేదని అధికారుల వాదన. నాడు దీనిపై విశ్వవిద్యాలయాలలో చాలా నిరసన వచ్చింది.

వాదన పైకి సబబుగానే ఉన్నట్లు తోస్తుంది. కాని బస్తరు దస్త్రాలు ఎక్కడున్నాయో చూస్తే అది నిలువదు. సంస్థానాల కాలపు రాజప్రతినిధి కాగితాలలో పెద్ద భాగం లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది. స్వాతంత్ర్యానికి కొంత ముందు బస్తరును దీర్ఘకాలపు కౌలు మీద హైదరాబాదు సంస్థానానికి అప్పగించే ప్రయత్నం జరిగిందనీ, అది సర్దార్ పటేలును కలవరపరచిందనీ వి.పి. మేనోన్ తన గ్రంథంలో వ్రాశాడు. ఆ మంతనాల అసలు కాగితాలు వెదకాలంటే లండను పోక తీరదు. 107వ ఒడంబడిక చర్చలు జెనీవాలో ఉన్నాయి. ముడి ఇనుము కొన్నవారి లెక్కలు జపానులో ఉన్నాయి. ఇంటి చరిత్ర చదవడానికి ఓడ ఎక్కవలసి రావడం ఆ ఇంటివారి తప్పు కాదు.

2023లో జాబితాలోకి వచ్చిన మహరా సముదాయపు యువకుడు ఈ వేతనానికి అర్హుడు. అయితే ‘‘బస్తరు ఆదివాసుల సమస్యలు’’ అని శీర్షిక పెడితే ఆ నియమం క్రింద దరఖాస్తు మొదటి వడపోతలోనే పోగలదు. అదే ‘‘1960 నాటి జపాను ముడి ఇనుము ఒప్పందం: కొనుగోలుదారుల బేరం, ఉత్పత్తి ప్రాంతంపై దాని ప్రభావం’’ అని పెడితే అది అంతర్జాతీయ ఆర్థిక సంబంధాల విషయం. ఇది మాటల గారడీ అని ఎవరైనా అనవచ్చును. కాదు. మొదటి శీర్షికలో ప్రశ్నే లేదు. సానుభూతి మాత్రమే ఉన్నది. రెండవదానిలో ఒక సంవత్సరం, రెండు పక్షాలు, వెదకవలసిన దస్త్రాలు ఉన్నాయి. 1978 ఏప్రిల్‌లో యంత్రాలు రావడంతో పని పోయిన బైలదిల్లా కార్మికులపై కిరందుల్‌లో కాల్పులు జరిగాయి. ఆ యంత్రాల నిర్ణయానికీ విదేశీ బేరానికీ సంబంధమున్నదా, లేదా? ఈ ప్రశ్నకు అవునన్నా, కాదన్నా సమాధానం రావచ్చును. సమాధానం ముందే తెలిసిన ప్రశ్నకు ఏ సంఘమూ డబ్బు ఇవ్వదు.

ఎంపిక సంఘాలు చూసేది ఇదే. ప్రశ్న ఏమిటి, ఇంతవరకు ఎవరు ఏమి చెప్పారు, ఆధారాలు ఎక్కడున్నాయి, మూడు నాలుగు సంవత్సరాలలో పూర్తవుతుందా, ఈ దరఖాస్తుదారే ఎందుకు చేయాలి? చివరి ప్రశ్న దగ్గర బస్తరు విద్యార్థులు తమ కష్టాలను ఏకరువు పెడతారు. నడిచివెళ్ళిన బడి, మూతపడిన ఆశ్రమ పాఠశాల, తుపాకుల మోత, అన్నీ నిజాలే. అయినా అవి ఫెలోషిప్ ఎందుకు అవసరమో చెబుతాయి గాని, పరిశోధన ఎందుకు సాధ్యమో చెప్పవు. ఐదు భాషలు, రెండు పునరావాస ప్రాంతాలతో పరిచయం, గని కార్మికుల ఇళ్ళలోకి ప్రవేశం ఉన్నదని వ్రాస్తే అది సాధ్యతకు సాక్ష్యం.

సిఫారసు లేఖల సంగతి ఇంకొకటి. మన కళాశాలలలో గురువుగారిని లేఖ అడిగితే, ‘‘ఈ విద్యార్థిని సత్ప్రవర్తన కలది, వినయశీల, ఉజ్జ్వల భవిష్యత్తు కలుగుగాక’’ అని వ్రాసి ముద్ర వేసి ఇస్తారు. అది ఆశీర్వచనం. ఆమె ఏ వ్యాసం వ్రాసింది, దానిలో ఏ వాదం చేసింది, తప్పు చూపితే ఎలా దిద్దుకొన్నది అన్న విషయాలు సంఘానికి కావాలి. గురువుగారికి ప్రతిపాదన చిత్తు ప్రతిని, పాత వ్యాసాలను ముందుగా అందజేసి, నెల రోజుల వ్యవధి ఇచ్చినవారికి మంచి లేఖ వస్తుంది. గడువు ముందురోజు రాత్రి ఫోను చేసినవారికి ఆశీర్వచనమే వస్తుంది.

2023 అక్టోబరులో జగదల్‌పూర్ సమీపాన నగర్‌నార్ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఓడ ఎక్కడానికే పుట్టిందనుకొన్న ఇనుములో కొంత ఇప్పుడు బస్తరులోనే కరుగుతున్నది. గూడ్సు బండ్లు మాత్రం ఆగలేదు. రైలు జగదల్‌పూర్ స్టేషనులో నిలిచినప్పుడు కొంటా విద్యార్థిని దిగుతుంది. సంచిలో నాలుగు ఛాయాచిత్రాలు, ఎం.ఏ. మార్కుల పత్రం, తాత పేరున్న పాత భూమి నకలు, దానిలో ఎర్రసిరాతో గీత గీసిన ఒక అక్షరం ఉన్నాయి. తహశీలు కార్యాలయం సోమవారం తెరుస్తారు.